బరంపురంలో తింటూ నడవాలంటే ఏ పూట, ఏ వీధి, ఎవరి వెంట?

ఇచ్ఛాపురం దాటి పాతిక కిలోమీటర్లు పోతే బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊరే. కోర్టుపేట, కామపల్లి లాంటి పేర్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ పాత చుట్టరికం దుకాణాల బోర్డుల మీద కన్నా ఆకు దొన్నెల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. ఇడ్లీ మీద సాంబారుకి బదులు బఠాణీల ఘుగుని పోస్తారు. మన తరవాణి ఇక్కడ తొరాణి, మన అరిసె ఇక్కడ ఆరిసా పిఠా. తెలుగువాళ్ళు ఈ ఊళ్ళో తింటూ తిరగాల్సింది ఈ జంటల కోసమే.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఒక్క రోజు కోసం వచ్చేవాళ్ళు చాలామంది. వాళ్ళ ముందు నాలుగు దార్లుంటాయి: పొద్దుటి టిఫిను నడక, పాత ఊరి నేతవీధుల నడక, సాయంత్రం బజారు నడక, గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డు. నాలుగూ ఒకే రోజులో కుదరవు. ముందు పూట తేల్చుకోండి, దుకాణాల పేర్లు తరవాత. ఇక్కడి వీధి తిండికి వేళ ఉంది. పొద్దున్న బండి పది గంటలకల్లా గిన్నెలు కడుక్కుని వెళ్ళిపోతుంది. సాయంత్రం బండికి ఐదున్నర దాకా మంట ఉండదు. ఎంత పేరున్న చోటైనా వేళ తప్పి వెళ్తే దొరికేది చల్లారిన తిండి, లేదంటే మూసిన షట్టరు.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

పొట్ట. నడక చెడేది ఎక్కువగా ఇక్కడే. ఎనిమిది చోట్ల తినాలనుకుని రెండో చోటే కడుపు నింపేసుకుంటారు. ఉప్మా, పూరీ, బరా (మన గారె) మూడూ బరువే. ఒక ప్లేటు ఉప్మా-ఘుగుని ఒక్కరే తింటే తరవాత మూడు మజిలీలకు ఆకలుండదు. నలుగురికి ఒక ప్లేటు చాలు, తలా రెండు ముద్దలు. ఈ లెక్కన మూడు గంటల్లో ఆరేడు మజిలీలు హాయిగా సాగుతాయి. ఎనిమిది దాటితే చివరి రెండింటి రుచి ఎవరికీ గుర్తుండదు. ఇద్దరే వెళ్తే నాలుగైదుతో ఆపండి.

మనుషులు. నలుగురి నుంచి ఆరుగురి దాకా బాగుంటుంది. ఎనిమిది దాటితే సందులో బండి ముందు నిలబడడానికి చోటుండదు. వెనకున్నవాళ్ళకి నడక నడిపే గైడు మాట వినిపించదు. అంతమందికీ ఒకేసారి ఆర్డరు చెబితే పెనం మీద అట్లు సగం కాలి, సగం పచ్చిగా వస్తాయి. పదిమంది ఉంటే రెండు గుంపులుగా, అరగంట తేడాతో బయలుదేరండి.

పథ్యం, తిథి. పొరుగు రాష్ట్రం నుంచి వెళ్ళేవాళ్ళు దీన్ని అసలు పట్టించుకోరు. ఒడియా కార్తీకం మన కార్తీకం కన్నా పదిహేను రోజులు ముందే మొదలై కార్తీక పౌర్ణమితో ముగుస్తుంది. ఆ నెలంతా చాలా ఇళ్ళలో చేపా మాంసం ముట్టరు. ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా ఉండే ఐదు రోజుల పంచుక మరీ కట్టుదిట్టం. ఆ రోజుల్లో కొంగ కూడా చేప ముట్టదని అక్కడి మాట. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి. ఆ రోజు మాంసం కొట్ల ముందు పొద్దున్నుంచే వరసలు కడతారు. మార్గశిర గురువారాలు లక్ష్మీపూజ రోజులు. విశాఖ బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి మార్గశిరం తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మూరీ-మాంసం (మరమరాల మీద మాంసం కూర) కోసం వచ్చేవాళ్ళు ఈ తిథులు తప్పించండి. ఉల్లీ వెల్లుల్లీ లేని వంట కోరేవాళ్ళకైతే ఇవే మంచి రోజులు. మిగతా ఏడాదిలో వెతికినా దొరకనిది అప్పుడు సులువుగా దొరుకుతుంది.

ఎండ. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా ఉదయం తొమ్మిది తరవాత నడక పెట్టుకోకండి. సముద్రం దగ్గర కావడంతో ఉక్క ఎక్కువ, చెమట ఆరదు. తుపాను భయం ఎక్కువగా అక్టోబరులో. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా నడకకు అన్నిటికన్నా మంచి కాలం.

మాట. బజారులో చాలామందికి తెలుగు వస్తుంది. అయినా నాలుగు ఒడియా ముక్కలు వస్తే పని సులువవుతుంది: కారం తగ్గించమనడానికి "రాగ కమ్", ధరకు "కెతే", ఉల్లి వెల్లుల్లి లేవు కదా అని అడగడానికి "పియాజ రసుణ నాహిఁ తో?" మగవాళ్ళని "భాఇ" అని, ఆడవాళ్ళని "అపా" అని పిలవండి. పెద్దావిడైతే "మావుసీ". రాగ అంటే సంగీతమనుకుని తలూపినవాళ్ళ నోరు మండిపోతుంది, జాగ్రత్త.

## నాలుగు దార్లు ఒక్క చూపులో

| | పొద్దుటి టిఫిను | నేతవీధులు, పాత ఊరు | సాయంత్రం బజారు | గోపాల్‌పూర్ |
|---|---|---|---|---|
| వేళ | 6:30 – 9:00 | 9:30 – 12:00 (చలికాలం) | 5:30 – 8:30 | తెల్లవారుజాము లేదా సాయంత్రం |
| నడక | రెండు కిలోమీటర్ల లోపు | రెండు, రెండున్నర కిలోమీటర్లు, సందులు | కిలోమీటరున్నర, జనం మధ్య | ఆటోలో 16 కిలోమీటర్లు, ఆపైన ఇసుకలో |
| తినేది | ఎక్కువ | తక్కువ, చూసేదీ కొనేదీ ఎక్కువ | బాగా ఎక్కువ | చేప, రొయ్య, పీత |
| శాకాహారులకు | చాలా అనువు | అనువు | చూసుకుని తినాలి | దాదాపు ఏమీ లేదు |
| పెద్దవాళ్ళకు | అనువు | మెల్లగా అయితే సరే | కష్టం | ఒడ్డున కూర్చోడానికి బాగుంటుంది |
| చెడేది ఎక్కడ | మొదటి ప్లేటుకే కడుపు నిండడం | ఎండ, వాన | కాగి కాగిన నూనె, రద్దీ | చేపలవేట నిషేధం |

## పొద్దుటి టిఫిను నడక

ఒక్క పూటే ఉన్నవాళ్ళకి, మొదటిసారి వచ్చినవాళ్ళకి ఇదే చెప్పాలి. తెలుగు టిఫినూ ఒడియా జలఖియా ఒకే బండి మీద పక్కపక్కన దొరికే పూట ఇది. అంతా అప్పుడే దిగినదీ, ఆవిరి పట్టినదీ కాబట్టి పొట్టకీ భయం తక్కువ. పాత బస్టాండు, గేట్ బజార్, కోర్టుపేట వైపుల్లో నడక పెట్టుకుంటే ఒక బండికీ ఇంకో బండికీ మధ్య ఐదు నిమిషాలకు మించి పట్టదు.

వరస ముఖ్యం. తేలికవి ముందు, బరువైనవి తరవాత:

1. ఇడ్లీ, తలా ఒకటే. సగం కొబ్బరి చట్నీతో, సగం ఘుగునితో తినండి. ఘుగుని మన గుగ్గిళ్ళకు చుట్టమే. ఎండు బఠాణీలను రాత్రంతా నానబెట్టి ఉడికించి, అల్లం, జీలకర్ర, మసాలాతో పలచని కూరగా చేస్తారు. బఠాణీ వేళ్ళ మధ్య నలగాలి, కూరలో మాత్రం ఆకారం చెడకూడదు. ముద్దయిపోతే ఎక్కువ ఉడికింది, పలుకుగా ఉంటే నానలేదు.
2. చకుళి, ఇద్దరికి ఒకటి. మన అట్టు లాంటిదే కానీ అంచు కరకరలాడదు, మెత్తగా ఉంటుంది. దీన్ని దోసె అనుకుని కొరికితే నిరాశే. రొట్టెలా తుంచి కూరలో ముంచి తినాలి.
3. పూరీ-దాల్మా లేదా అన్నం వేళ దాకా ఉండగలిగితే అన్నం-దాల్మా. ఇక్కడ కొంచెం ఆగి తినండి. దాల్మాలో కందిపప్పు లేదా పెసరపప్పు, అరటికాయ, గుమ్మడి, బొప్పాయి కాయ, వంకాయ కలిసి ఉడుకుతాయి. సాంబారులా చింతపండు పులుసు ఉండదు. చివర వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లుతారు. పోపు కూడా వేరే. మనం ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు వేస్తే వాళ్ళది పంచఫుటణ: ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర. కళ్ళు మూసుకుని వాసన చూస్తే సోంపే ముందు తగులుతుంది.
4. బరా, నలుగురికి రెండు. ఘుగునిలో వేసి ఇస్తారు. పైన తడిసి, లోపల ఇంకా కరకరలాడేటప్పుడే తినాలి. రెండు నిమిషాలు ఆగితే ముద్ద.
5. ఉప్మా చివర్న, అదీ నలుగురికి ఒక ప్లేటు.
6. టీ.

కొబ్బరి చట్నీ విషయంలో ఒక్క జాగ్రత్త. వేసవిలో రుబ్బిన మూడు నాలుగు గంటలకే పులవడం మొదలవుతుంది. ఎనిమిదిన్నర తరవాత కొత్తగా రుబ్బినదో కాదో అడగండి, లేదా వేడి ఘుగునికి మారిపోండి. మధ్యలో నీళ్ళు గటగటా తాగొద్దు. చెంబుడు నీళ్ళు ఒక ఇడ్లీ చోటు తీసేస్తాయి. గుక్కెడు గుక్కెడుగా సీసాలోంచి తాగండి.

వేసవిలో ఈ దారికి ఒక్కటి కలపండి: పఖాళ. మన చద్దన్నమే. వండిన అన్నంలో నీళ్ళు పోసి రాత్రంతా ఉంచితే బాసి పఖాళ. పెరుగు, అల్లం, నిమ్మాకు కలిపితే దహి పఖాళ. పైన తేరిన పుల్లని నీళ్ళే తొరాణి. ఒడిశాలో మార్చి 20ని పఖాళ దివసంగా జరుపుకుంటారు. బండ్ల మీద అరుదు, భోజన హోటళ్ళలో మధ్యాహ్నం దొరుకుతుంది. పక్కన బడి చూరా (నలిపిన వడియాలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి), వేయించిన చేప, ఆకుకూర ఉంటాయి. ఒక చెంచా తొరాణి విడిగా అడిగి తాగి చూడండి. ఇంట్లో నాయనమ్మ కుండలో తరవాణి పెట్టినవాళ్ళకి ఆ పులుపు వెంటనే తెలిసిపోతుంది.

## నేతవీధులు, పాత ఊరు

తిండి కన్నా తిండి తయారీ మీద ఇష్టం ఉన్నవాళ్ళకి ఈ దారి. బరంపురం పట్టుకీ, అప్పడాలకీ, ఊరగాయలకీ పేరు. మూడింటి మూలాలూ పాత ఊళ్ళోనే. బడాబజార్ వైపు సందుల్లో నడిస్తే మగ్గం చప్పుడు వినిపించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఈ నేతకారులు దేరా కులస్థులు, తెలుగు మాట్లాడే కుటుంబాలు. వాళ్ళ కులపెద్దని దేశీ బెహరా అంటారు. రెండేళ్ళకోసారి వచ్చే బుఢీ ఠాకురాణీ జాతరలో అమ్మవారు కొన్నాళ్ళు బస చేసేది దేశీ బెహరా వీధిలోనే. ఫొడా కుంభ అంచున్న బరంపురం పట్టుచీరకి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది.

కొనడానికి కూడా వెళ్తున్నారా? అయితే ఒక మాట. పట్టుచీరలు చూడడం, తింటూ నడవడం ఒకే విడతలో పెట్టుకోవద్దు. నూనె చేతితో పట్టు ముట్టుకుంటే మరక పోదు, నేతవాళ్ళ మొహం కూడా మారిపోతుంది. చీరలు ముందు, తిండి తరవాత. నడిపేవాడు ఈ వరస తిప్పేసి చివర్న మిమ్మల్ని ఒకే ఒక్క చీరల కొట్టులో అరగంట కూర్చోబెడితే అక్కడ అతనికి కమీషన్ ఉందని అర్థం.

అప్పడాలు చేయడం చూడాలంటే ఎండ ఉన్న పొద్దు కావాలి. మినప్పిండిలో ఉప్పు, ఇంగువ, మిరియం లేదా జీలకర్ర, అప్పడాల ఖారం (సోడా లాంటి క్షారం) కలిపి గట్టిగా పిసికి, నూనె రాస్తూ దంచి, చిన్న ఉండలు చేసి పలచగా ఒత్తుతారు. ఖారం ఎక్కువైతే వేయించగానే ఎర్రబడి నాలుక మీద సబ్బులా తగులుతుంది. తక్కువైతే పొంగదు. అందుకే కొనేటప్పుడు ఒకటి పచ్చిదే విరిచి నాలుక చివర పెట్టి చూడండి. టక్కున విరగాలి, ఇంగువ ముందు రావాలి, చేదు రాకూడదు. విరగకుండా వంగితే సరిగ్గా ఎండలేదు, ఇంటికి చేరేలోపు బూజు పట్టేస్తుంది. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా వానల్లో ఈ వీధులకు ప్రత్యేకంగా వెళ్ళకండి, ఆరబోతే ఉండదు.

వడియాల్లో ఫులబడి చూడండి. మినప్పప్పు నానబెట్టి రుబ్బి, చేత్తో బాగా గిలకొడతారు. ఆ గాలే దాని తేలిక. చేయి తిరిగినవాళ్ళు చిటికెడు పిండి నీళ్ళలో వేసి చూస్తారు. తేలితే పెట్టొచ్చు, మునిగితే ఇంకా గిలకొట్టాలి. కొనేటప్పుడు మీరు చూడాల్సింది బరువు. గుప్పెడు చేతిలోకి తీసుకుంటే ఏమీ లేనట్టుండాలి. రాయిలా ఉంటే కూరలో ఎంత ఉడికినా నానదు.

ఈ పనంతా ఇళ్ళల్లో, ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీదుగా జరుగుతుంది. గడప దాటే ముందు అడగాలి, ఫోటోకి మళ్ళీ అడగాలి. చూసి ఊరికే వెళ్ళిపోకుండా పావుకిలో ఏదైనా కొనడం మర్యాద. మంచి నడిపేవాడు ఇది మీకు చెప్పకముందే తనే చేస్తాడు.

ఈ దారిలో తినేవి కొన్నే: మిఠాయి కొట్టులో ఛెనాపోడ, రసగోలా, పండుగ రోజుల్లో పిఠాలు. ఛెనాపోడ అంటే విరగ్గొట్టిన పాల ముద్దలో పంచదార, కొంచెం రవ్వ కలిపి సాలు ఆకుల్లో చుట్టి, నిప్పుల వేడిలో గంటల తరబడి కాల్చినది. అడుగూ అంచూ బాగా మాడి గోధుమరంగు తిరగాలి. ఆ మాడులోనే దాని రుచంతా. పంచదార నీళ్ళు పట్టి తెల్లగా, స్పాంజిలా ఉన్నది వదిలేయండి. కాలిన ఆకు వాసన లేకపోతే అది ట్రేలో కాల్చినది. అది కూడా తినొచ్చు కానీ ఆ పేరుతో అనుకున్న రుచి కాదు.

పిఠాలు కొట్లలో రోజూ దొరకవు. ఆరిసా అరిసే, బియ్యప్పిండి, బెల్లంపాకం. మండా పిఠా కొబ్బరి లోపల పెట్టి ఆవిరి మీద ఉడికించిన కుడుము. పోడ పిఠా మినప, బియ్యం పిండిలో బెల్లం, కొబ్బరి వేసి కాల్చినది. జూన్ నడిమిలో మూడు రోజుల రజ పండుగకి ప్రతి ఇంటా ఉంటుంది. ఎవరైనా చుట్టాలింటికి వెళ్ళే వీలుంటే ఆ రోజులకి పెట్టుకోండి. ఏ కొట్టులోనూ ఆ రుచి లేదు.

## సాయంత్రం బజారు

కుర్రాళ్ళు, మాంసం ఇష్టపడేవాళ్ళు దీనికే మొగ్గుతారు. మొగ్గడంలో తప్పులేదు, కానీ నాలుగింట్లో జాగ్రత్త ఎక్కువ కావాల్సింది దీనికే.

గుప్‌చుప్ (పానీపూరి) దగ్గర మొదలుపెట్టకండి. చల్లని పులుపు నీళ్ళు ముందు పడితే తరవాత వేడి నూనె వస్తువులు కడుపులో కలబడతాయి. నూనెవి ముందు: ఆలూ చాప్, పియాజీ. తరవాత మూరీ-మాంసం. మరమరాల మీద మాంసం కూర పోసి కలిపి ఇస్తారు. విశాఖ బీచ్ మూరీ మిక్చర్ తెలిసినవాళ్ళకి మూరీ కొత్త కాదు, మీద పడే ముక్క కొత్త. కలిపిన నిమిషంలోపు తినాలి. అందుకే దీన్ని పంచుకునేటప్పుడు మూరీ, కూర విడిగా తీసుకుని ఎవరి దొన్నెలో వాళ్ళే కలుపుకోండి. గుప్‌చుప్ ఆఖర్న, సీసా నీళ్ళతో చేసే చోట, తలా నాలుగు. మిఠాయి అంతకన్నా చివర.

నూనె కళ్ళతోనే తెలుస్తుంది. మూకుడులో నల్లగా, జిగటగా, సన్నని నురగ వదలకుండా ఉండి, కొత్త చాప్ వేయకముందే పొగ వస్తుంటే ముందుకు నడవండి. నూనె బంగారు రంగులో ఉండి, సరుకు వేసినప్పుడు పెద్ద బుడగలు వచ్చి తరవాత తగ్గితే బాగుంది. బండికైనా కొట్టుకైనా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు ఉంటే 14 అంకెల సంఖ్య కనిపించేలా పెడతారు. అది రుచికి హామీ కాదు, కానీ ఫలానావాళ్ళు నడుపుతున్నారని ఒక ఆనవాలు.

గేట్ బజార్, గిరి మార్కెట్, అన్నపూర్ణ మార్కెట్ వైపులు సాయంత్రం కిక్కిరిసిపోతాయి. బండి తోలుతూ అక్కడికి వెళ్ళొద్దు. దూరంగా ఆపి నడవండి. ఠాకురాణీ జాతర జరిగే వారాల్లో రాత్రి వేషాలు, పులివేషాలతో పాత ఊరు జనసముద్రం. ఆ వేషాలు చూడాలంటే అదే సమయం. నెమ్మదిగా తింటూ నడవాలంటే మాత్రం ఇంకో నెల.

## గోపాల్‌పూర్

చేపల కోసమే అయితే వెళ్ళండి, లేకపోతే వద్దు. ఒడ్డు మీద వేటకు వెళ్ళే నోలియాలు తెలుగు మాట్లాడేవాళ్ళే. పొద్దున్నే వలలు దిగేవేళకి ఉంటే ఏ చేప ఏమిటో మన పేర్లతోనే చెబుతారు. కన్ను ఉబ్బి మెరవాలి, మొప్ప ఎర్రగా ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో హోటల్లో దొరికేది చాలావరకు మంచుపెట్టెలోంచి తీసినదే. అప్పుడు వెళ్తే సముద్రం చూసి వచ్చేయండి.

తినాల్సింది మాఛ బేసర. ఆవ పెట్టిన కూర అనగానే మనకి పనసపొట్టు, అరటికాయ గుర్తొస్తాయి. వీళ్ళు ఆ ఆవముద్దలో చేప వేస్తారు. ఆవాలు వెల్లుల్లితో నూరి, పులుపుకి అంబుల (ఎండబెట్టిన మామిడి ముక్క) వేస్తారు. మరీ ఎక్కువ నూరితే ఆవ చేదెక్కుతుంది. మొదటి ముద్దకే చేదు తగిలితే ఆ వంటవాడు తొందరపడ్డాడు.

## ఎవరి వెంట నడవాలి

డబ్బు తీసుకునే గైడు, ఊళ్ళో ఉన్న చుట్టాలబ్బాయి, రోజంతా మాట్లాడుకున్న ఆటో, ఎవరూ లేకుండా మీరే. మొదటి రెండింటి మధ్యే అసలు తేల్చుకోవాల్సింది ఉంది.

చుట్టాలబ్బాయికి బండి తెలుసు, బండివాడికి అతను తెలుసు. వేడివేడిగా ముందు మీకే వస్తుంది. కానీ అతను తనకిష్టమైన మూడు చోట్లకే తీసుకెళ్తాడు. ప్రతిచోటా నిండు ప్లేటు చెబుతాడు, వద్దంటే బాధపడతాడు, డబ్బు మీ చేత ఇవ్వనివ్వడు. బయలుదేరే ముందే "బాబూ, అన్నీ సగం సగమే, ఈ పూట ఖర్చు మాది" అని పెద్దవాళ్ళ చేత చెప్పించండి. పాత ఊరి ఇళ్ళల్లోకి అడుగు పెట్టాలంటే మాత్రం అతన్ని మించినవాడు లేడు. నేతవీధుల దారికి చుట్టం, సాయంత్రం బజారుకి గైడు అని పంచుకున్నా బాగానే ఉంటుంది.

గైడుని కుదుర్చుకునే ముందు ఫోనులోనే ఇవి అడగండి:

- ఎన్ని మజిలీలు, ఎక్కడెక్కడ కూర్చునే వీలుంది?
- తిండి ఖర్చు మీరు చెప్పిన మొత్తంలో కలిసిందా, విడిగానా?
- ఆ రోజు ఒక కొట్టు మూసి ఉంటే బదులు ఏది?
- మధ్యలో శౌచాలయం ఎక్కడ?
- చివర్న ఏ దుకాణానికైనా తీసుకెళ్తారా?
- ఉల్లి వెల్లుల్లి తిననివాళ్ళకి ప్రతి మజిలీలో ఏముంది?

మూడో ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పినవాడికి దారి నిజంగా తెలుసు. "అన్నీ తెరిచే ఉంటాయి సార్" అన్నవాడు మొన్నటి జాబితా పట్టుకుని నడిపిస్తాడు.

ఆటో కుదుర్చుకోవడం పెద్దవాళ్ళున్నప్పుడు మంచి ఉపాయం. దిగి తిని ఎక్కడం, మధ్యలో సందులు వదిలేయడం. ఇక మీరే వెళ్ళాలంటే పొద్దుటి దారి మాత్రమే సులువు. జనం ఎక్కువ ఉన్న బండి దగ్గర ఆగండి, వాళ్ళు ఏం తింటున్నారో అదే అడగండి.

## మీరెవరైతే ఏది

రెండు రైళ్ళ మధ్య నాలుగైదు గంటలే ఉన్నవాళ్ళు: దిగేది పొద్దున్న అయితే టిఫిను దారి, సాయంత్రం అయితే బజారు. హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీదే స్టేషను కాబట్టి రైళ్ళకి కొదవ లేదు. విశాఖ నుంచి నాలుగైదు గంటల ప్రయాణం. గోపాల్‌పూర్ ఆలోచనే పెట్టుకోవద్దు.

అమ్మా నాన్నలతో వచ్చినవాళ్ళు: టిఫిను దారి, నాలుగే మజిలీలు, తరవాత ఆటోలో పాత ఊరికి వెళ్ళి ఒక్క అప్పడాల ఇల్లు, ఒక్క మిఠాయి కొట్టు. షుగరు ఉన్నవాళ్ళు ఉంటే ఛెనాపోడ నలుగురికి ఒక ముక్క. దాల్మా, ఘుగుని వాళ్ళకి సరిపడతాయి కానీ పూరీ, ఉప్మా పక్కన పెట్టండి.

పిల్లలతో: సాయంత్రం వద్దు, జనంలో చెయ్యి జారుతుంది. పొద్దున్న ఇడ్లీ, రసగోలా, ఒక మగ్గం. ఆడుతున్న మగ్గం ముందు పిల్లలు బాగానే నిలబడతారు.

పెళ్ళి బట్టలకి వచ్చినవాళ్ళు: మొదటి రోజు మధ్యాహ్నం దాకా చీరలే. ఆ సాయంత్రం చేతులు ఖాళీగా బజారు. కొన్న పట్టు గదిలో పెట్టి వెళ్ళండి, చేతి సంచిలో తిప్పకండి.

వంట నేర్చుకునేవాళ్ళు: నేతవీధులకి రెండు పూటలు ఇవ్వండి. ఒకటి అప్పడాలకి, ఇంకోటి ఊరగాయకి. ఊరగాయలు పట్టే కాలం వేసవే, కాబట్టి పొద్దున్న ఏడింటికే వెళ్ళి తొమ్మిదికి తిరిగొచ్చేయండి.

మాంసాహారులు, రెండు రోజులున్నవాళ్ళు: మొదటి సాయంత్రం బజారు, మర్నాడు తెల్లవారుజామున గోపాల్‌పూర్, మధ్యాహ్నం అక్కడే బేసర, అన్నం. కార్తీకం తప్పించాలి, వేట నిషేధం రోజులు తప్పించాలి. ఈ రెండూ తీసేశాక అన్నిటికన్నా అనువైనవి చలికాలపు నెలలే.

తిరుగు ప్రయాణంలో ఊరగాయ సీసా కొంటే పైన నూనె కనీసం వేలి మందాన తేలి ఉందో లేదో చూడండి. మూత చుట్టూ పలచని ప్లాస్టిక్ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసి, రెండు కవర్లలో నిలువుగా పెట్టండి. బెర్తు కిందకి తోయకండి, అడ్డంగా పడిపోతుంది. అప్పడాలు వాటి మీద పెట్టొద్దు. చొక్కాల మధ్య పరిచి పెడితే ఒక్కటీ విరగకుండా ఇంటికి చేరతాయి. చేరిన మర్నాడు ఒకసారి ఎండలో పెట్టి డబ్బాలో పోసుకోండి.